ఆరడుగుల మీద అయిదంగుళాలు

కొత్తగా పరిచయమైనవాళ్ళు మొదటి అయిదు నిమిషాల్లో నన్ను అడిగే ప్రశ్నలు మూడు. మీ హైట్ ఎంత? బాస్కెట్‌బాల్ ఆడేవారా? మీ ఇంట్లో అందరూ ఇంతేనా? వరసగా నా జవాబులు: 6 అడుగుల 5 అంగుళాలు. లేదు. ఇంచుమించు. ఇంటర్ రెండో ఏడాదిలో మొదలైన ఈ ప్రశ్నోత్తరాల కార్యక్రమం ఇప్పటికీ నడుస్తూనే ఉంది. లిఫ్టులో, పెళ్ళి భోజనాల బంతిలో, ఇంటర్వ్యూ గదుల్లో, ఒకసారైతే పళ్ళ డాక్టరు నా నోట్లో అద్దం పెట్టి ఉండగా కూడా.

లావుగా ఉన్న మనిషిని తొలి పరిచయంలోనే "మీ బరువెంతండీ?" అని అడగడం మర్యాద కాదని అందరికీ తెలుసు. జీతం ఎంతో అడగడానికి మనవాళ్ళు కూడా రెండోసారి కలిసేదాకా ఆగుతారు. ఎత్తు మాత్రం ఊరుమ్మడి సొత్తు. ఎవరైనా అడగొచ్చు, పక్కన నిలబడి భుజం కొలుచుకోవచ్చు, "పైన సిగ్నల్ బాగా వస్తుందా సార్?" అని నవ్వొచ్చు.

ఎత్తు గురించి ఏమన్నా అది పొగడ్తే అవుతుందని అందరి నమ్మకం. పురాణాల్లో గొప్పవాళ్ళంతా ఆజానుబాహులు. పెళ్ళి ప్రకటనల్లో అబ్బాయి చదువు పక్కనే ఎత్తు ఉంటుంది. ఆ నమ్మకంలో నిజం లేకపోలేదు. పొడుగువాళ్ళకి సగటున జీతాలు కాస్త ఎక్కువ ఉంటాయని చాలా దేశాల్లో జరిగిన పరిశోధనల్లో తేలింది కూడా. కాబట్టి పొడుగాటి మగవాడు తన పొడుగు గురించి గోడు వెళ్ళబోసుకుంటే, బంజారాహిల్స్‌లో బంగళా ఉన్నాయన ఆస్తిపన్ను ఎక్కువైందని వాపోయినట్టు ఉంటుంది. అది తెలిసే రాస్తున్నాను.

ముందు లెక్క. మన దేశంలో మగవాళ్ళ సగటు ఎత్తు 166 సెంటీమీటర్లకి కాస్త అటూ ఇటూ. నాది 196. తేడా 30 సెంటీమీటర్లు, అంటే స్కూలు పిల్లల పొడుగు స్కేలు ఒకటి. మీ నెత్తిమీద ఆ స్కేలు నిటారుగా కట్టుకుని ఒక రోజు మామూలుగా గడిపి చూడండి. అదే నా రోజు.

పొద్దున బాత్రూమ్ అద్దంలో నాకు నా మెడా, చొక్కా గుండీలూ కనబడతాయి. గడ్డం గీసుకోవాలంటే కాళ్ళు ఎడం చేసి గుర్రం ఎక్కినట్టు నిలబడాలి. షవరు నా ఛాతీ మీద పోస్తుంది, తల తడవాలంటే దానికి వంగి దణ్ణం పెట్టాలి. టీ-షర్టు విప్పేముందు ఫ్యాను ఎక్కడుందో ఒకసారి పైకి చూసుకోవాలి. ఆ పాఠం నేర్చుకున్న రోజు గుర్తు నా కుడిచేతి చూపుడువేలి మీద ఇంకా ఉంది. ఆటోలో కూర్చుంటే నాకు కనబడేవి చక్రాలూ, జనాల పాదాలూ. ఏ సెంటర్ దాటుతున్నామో డ్రైవరు చెబితేనే తెలుస్తుంది. మెట్రోలో అందరూ పట్టుకునే పిడులు నా చెవుల పక్కన ఊగుతుంటాయి.

చెప్పుల షాపులో కుర్రాడు "పన్నెండు సైజా సార్?" అని లోపలికి వెళ్ళి, మేనేజర్ని వెంటబెట్టుకొచ్చి నా పాదాలు చూపిస్తాడు. చెప్పులు మాత్రం తీసుకురాడు. ఫుల్‌హ్యాండ్స్ చొక్కా నా మీద ముప్పావు చేతుల చొక్కా అవుతుంది. అందుకని మోచేతుల దాకా మడిచేస్తాను. ఆఫీసులో నేనెప్పుడూ పని మీద ఉన్నవాడిలా కనబడటానికి అదే కారణం. సినిమా హాల్లో నా వెనక సీటు దొరికినవాళ్ళ నిట్టూర్పు నాకు స్పష్టంగా వినబడుతుంది. జారిగిలబడి కూర్చుంటాను. నేను చూసిన మంచి సినిమాలన్నీ దాదాపు నడుం మీద పడుకునే చూశాను.

దుప్పటి ఉన్నంతవరకే కాళ్ళు చాపుకోవాలన్న సామెత మీకందరికీ పొదుపు పాఠం. నాకు అది రోజూ రాత్రి జరిగే పని. మామూలు పరుపు పొడవు 75 అంగుళాలు, నేను 77. రైల్లో సైడ్ లోయర్ బెర్తు వచ్చిందంటే తెల్లారేసరికి మోకాళ్ళు గడ్డానికి అతుక్కుని ఉంటాయి.

ఇవన్నీ నవ్వుకోదగ్గ ఇబ్బందులు. నేనూ నవ్వుతాను, పార్టీల్లో నా దగ్గర ఇలాంటివి ఇంకో అరగంటకి సరిపడా ఉన్నాయి. నవ్వు రానివి కొన్ని ఉన్నాయి. అవి చిన్నప్పుడే మొదలయ్యాయి.

బస్సులో పన్నెండేళ్ళ లోపు పిల్లలకి అరటికెట్టు. పదేళ్ళప్పుడు నేను పద్నాలుగేళ్ళవాడిలా ఉండేవాణ్ణి. కండక్టరు నన్ను లేచి నిలబడమని కిందినుంచి మీదిదాకా చూసి, "మాస్టారూ, మీరే అబద్ధం చెబితే ఎలాగండీ?" అనేవాడు నాన్నతో. నాన్న ఒంగోలు దగ్గర ఒక హైస్కూల్లో లెక్కల టీచరు. అబద్ధం అన్న మాట పడటం ఆయనకి కష్టం. రెండుసార్లు మాట్లాడకుండా ఫుల్ టికెట్ కొన్నాడు. మూడోసారి నుంచి నా స్టడీ సర్టిఫికెట్ జిరాక్సు నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో ఉంచుకునేవాడు. నేను చిన్నపిల్లాణ్ణే అని రుజువు చేసే కాగితం అది.

కాగితం బస్సులో పనిచేసింది గానీ మిగతా చోట్ల ఎవరూ అడగలేదు. స్కూల్లో పొడుగు పిల్లలు వెనక బెంచి. నాకు చూపు తక్కువని ఆరో తరగతిలో గానీ ఎవరికీ తెలియలేదు, అప్పటిదాకా పక్కవాడి నోట్సే నా నల్లబల్ల. గొడవైతే మొదటి దెబ్బ నాకే పడేది. "గాడిదలా ఎదిగావు, చిన్నపిల్లల్తో గొడవేంట్రా?" అనేవాళ్ళు. ఆ చిన్నపిల్లలు నా క్లాసువాళ్ళే, ఒకరిద్దరు నాకన్నా నెలలు పెద్ద. కిందపడి మోకాలు చీరుకుపోయి ఏడిస్తే, "ఇంతున్నావు, ఏడుస్తావేంట్రా?" అనేవాళ్ళు. ఇంత ఉన్నవాడు ఏడవకూడదని నాకు అప్పటికి ఎవరూ చెప్పలేదు.

మన భాషలో కూడా ఈ లెక్క ఉంది. పొట్టివాడికి పుట్టెడు బుద్ధులు, పొడుగువాడికి మెదడు మోకాల్లో. పొట్టివాళ్ళని బుడంకాయ అనో బుడ్డోడు అనో అన్నా అందులో కాస్త ముద్దు ఉంటుంది. పొడుగువాళ్ళకి తాటిచెట్టు, కరెంటు స్తంభం, నిచ్చెన. అన్నీ పాతిపెట్టినవో, గోడకి ఆనించినవో. నెప్పి పుట్టిందా అని వాటిని ఎవరూ అడగరు.

మా అమ్మ యద్దనపూడి సులోచనారాణి నవలలు వదలకుండా చదివిన తరం. వారపత్రికల సీరియళ్ళ కాలం, హీరో అంటే ఆరడుగుల అందగాడు. నాన్న సంబంధం వచ్చినప్పుడు పెళ్ళికొడుకు 6 అడుగుల 3 అంగుళాలని విని లోలోపల సంతోషపడిందట. "చేసుకున్నాక తెలిసింది, ఆ పైన మూడంగుళాల గురించి ఏ నవల్లోనూ రాయలేదని" అంటుంది. పుస్తకాల మీద అప్పుడప్పుడూ నాలుగు ముక్కలు రాసే అలవాటున్నవాణ్ణి కాబట్టి ఆ మాట నన్ను పట్టుకుంది. నిజమే. నవల్లో ఆరడుగులు అనేది కొలతగా రాదు, అందానికి విశేషణంగా వస్తుంది. నేను చదివినంతలో ఆరడుగుల హీరో తలుపు కమ్మీకి నుదురు కొట్టుకోడు. అతనికి పంచె పొట్టి అవదు. అతను లోపలికొచ్చినప్పుడు హీరోయిన్ గుండె కొట్టుకుంటుందంతే.

ఈ మోజు మన సీరియళ్ళది మాత్రమే కాదు. చండీగఢ్‌కి రూపం ఇచ్చిన ల కార్బూజియే 1940ల్లో 'మాడ్యులర్' అనే కొలతల పద్ధతి ఒకటి తయారుచేశాడు. ఒక మనిషి శరీరాన్ని ప్రమాణంగా పెట్టుకుని కుర్చీ, గట్టు, గది, కప్పు ఎంతెంత ఉండాలో తేల్చే పద్ధతి. మొదట ఆ మనిషి ఎత్తు 175 సెంటీమీటర్లు. తర్వాత దాన్ని 183కి, అంటే ఆరడుగులకి మార్చారు. ఎందుకయ్యా అంటే, ఇంగ్లీషు డిటెక్టివ్ నవలల్లో అందమైన మగవాళ్ళు, ముఖ్యంగా పోలీసులు, ఆరడుగులుంటారు కదా అని! ఆరడుగులైతే అటు అంగుళాల లెక్కకీ చక్కగా కుదిరింది. ఆ మనిషి చెయ్యెత్తితే 226 సెంటీమీటర్లు. మార్సెయ్‌లో 1952లో పూర్తయిన ఆయన పెద్ద ఇళ్ళ సముదాయం ఈ లెక్కల మీద కట్టిందే. 226 ఎత్తున్న కప్పుని ముట్టుకోడానికి నేను చెయ్యి సగం ఎత్తితే చాలు.

మియాపూర్‌లో మా ఫ్లాటు కట్టింది ఆయన కాదు గానీ, ప్రతి మేస్త్రీ బుర్రలోనూ అలాంటి ఒక మనిషి ఉంటాడు. మనవైపు మేస్త్రీ మనిషి 5 అడుగుల 6 అంగుళాలు. సాఫ్ట్‌వేర్ వాళ్ళ మాటల్లో చెప్పాలంటే, ఎవరో ఒక అంకె ఎక్కడినుంచో తెచ్చి ప్రపంచంలో హార్డ్‌కోడ్ చేసి పెట్టారు. నేను ఎడ్జ్ కేసుని. ఎడ్జ్ కేసు ఫెయిలైతే మా ఆఫీసులో బగ్ రాస్తారు. ఇంట్లో అయితే "చూసుకుని నడవ్వొచ్చుగా" అంటారు.

అంకెల సంగతి వచ్చింది కాబట్టి ఇంకో లెక్క. జె.బి.ఎస్. హాల్డేన్ 1926లో ఏ ప్రాణికి ఎంత సైజు తగునో వివరిస్తూ ఒక వ్యాసం రాశాడు. (ఈయన చివరి ఏళ్ళలో మన దేశానికి వచ్చేసి, ఇక్కడి పౌరుడై, 1964లో భువనేశ్వర్‌లో చనిపోయాడు.) కథల్లో రాక్షసుడు మనిషికి పదింతలు ఎత్తున్నాడంటే వాడి బరువు వెయ్యింతలు, ఎముకల అడ్డుకోత మాత్రం వందింతలే. ఒక్క అడుగు వేసేసరికి తొడ ఎముక విరుగుతుంది. ఆ సూత్రమే చిన్న మోతాదులో నాకూ వర్తిస్తుంది. 166 సెంటీమీటర్ల మనిషిని అదే ఆకారంలో నా అంత చేస్తే బరువు 1.65 రెట్లవుతుంది, దాన్ని మోసే ఎముకల అడ్డుకోత 1.39 రెట్లే అవుతుంది. మిగిలిన బాకీ మోకాళ్ళూ నడుమూ తీరుస్తాయి.

మా ఇంట్లో అంట్లు తోమడం నా వంతు. వంటగట్టు 32 అంగుళాలు. సింకు అడుగు ఇంకా కింద. రోజూ పావుగంట పైగా అందులోకి వంగి ఉండాలి. నడుం పట్టేసిందని అంటే మా ఆవిడ నమ్ముతుంది గానీ, మా అత్తగారి మొహంలో చిన్న నవ్వు కనబడుతుంది. పని ఎగ్గొట్టే మొగుళ్ళకి దీనికన్నా పాత సాకు లేదని ఆవిడకి తెలుసు. ఫిజియోథెరపీ ఆయన నన్ను పరీక్ష చేసి, "ఎక్కువ వంగకండి సార్" అన్నాడు. ఆ మాట విని బయటికొస్తూ ఆయన గది తలుపు కింద వంగాను.

వంగడం అంటే నడుమొక్కటే కాదు, గొంతు కూడా. మీటింగులో ఎవరితోనైనా విభేదించాల్సి వస్తే ముందు కూర్చుంటాను, తర్వాత మాట్లాడతాను. నిలబడి చెబితే అదే వాక్యం బెదిరింపులా వినబడుతుందని అనుభవం. 5 అడుగుల 6 అంగుళాల మనిషి గొంతు పెంచితే "కాస్త ఆవేశపరుడు" అంటారు. నేను పెంచితే గదిలో నిశ్శబ్దం. రాత్రిపూట సందులో ముందు ఒక అమ్మాయి ఒంటరిగా నడుస్తుంటే నేను ఆగి ఫోన్ చూసుకుంటాను, లేదా అవతలి వైపుకి మారతాను. వెనకనుంచి వచ్చే అడుగుల చప్పుడు ఇంత పొడుగు మనిషిది అని తెలిస్తే ఆమెకి ఎలా ఉంటుందో ఊహించగలను. ఇందులో ఆమె తప్పేమీ లేదు. నాదీ లేదు. కానీ ప్రతిరోజూ నా శరీరం నాకన్నా ముందు వెళ్ళి ఏదో ఒకటి మాట్లాడేస్తుంది, నేను వెనక వెళ్ళి సర్దిచెప్పుకోవాలి.

2020లో ఇళ్ళనుంచి పని మొదలయ్యాక నేను కొత్త టీమ్‌లో చేరాను. ఏడాదిన్నర పాటు వాళ్ళందరికీ నేను తెర మీద ఒక చదరం. అందరి చదరాలూ ఒకే సైజు. ఆ ఏడాదిన్నర నేను మాట్లాడినంత ఫ్రీగా ఎప్పుడూ మాట్లాడలేదు. టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడొకడు నా డిజైన్లని చీల్చి చెండాడేవాడు, నేనూ అంతే గట్టిగా జవాబిచ్చేవాణ్ణి, ఇద్దరికీ సరదాగా ఉండేది. 2022లో మొదటిసారి ఆఫీసులో కలిశాం. నన్ను చూసి "అన్నా, మీరు ఇంతుంటారని అనుకోలేదు" అన్నాడు. ఆ తర్వాత రెండు మూడు నెలల దాకా అతను నాతో వాదించలేదు.

ఇదంతా ఎత్తు వల్ల వచ్చిందనే చాలాకాలం అనుకున్నాను. 2017లో పని మీద ఆరు నెలలు నెదర్లాండ్స్‌లో ఉన్నాక ఆ అభిప్రాయం మారింది. అక్కడ కుర్రాళ్ళ సగటు ఎత్తు 183 సెంటీమీటర్ల దగ్గర. కార్బూజియే నవల్లోంచి తెచ్చుకున్న మనిషి అక్కడ మామూలు మనిషి. 2003 నుంచి కొత్త ఇళ్ళకి తలుపు ఎత్తు కనీసం 2.3 మీటర్లు ఉండాలని వాళ్ళ నిబంధన. ఆ ఆరు నెలల్లో ఒక్కరూ నా హైట్ అడగలేదు. షాపులో పన్నెండు సైజు బూట్లు ఏ హడావుడీ లేకుండా తెచ్చిచ్చారు. నేను అంతే ఉన్నాను, ఒక్క సెంటీమీటరు తగ్గలేదు. పక్కవాళ్ళు మారారంతే. పొడుగు అనేది నా ఒంట్లో లేదు, నాకూ పక్కవాడికీ మధ్య ఉన్న తేడాలో ఉంది.

కానీ అక్కడ చేరిన రెండో వారంలో ఒక సహోద్యోగి మెల్లిగా అడిగాడు, "నీకు నడుంనొప్పా? ప్రతి తలుపు దగ్గరా వంగుతున్నావు" అని. తలుపుకీ నా తలకీ మధ్య జానెడు పైన ఖాళీ ఉంది. అయినా వంగుతున్నాను. తలుపులు మారినా మనిషి మారలేదు.

మా ఆవిడ రెండు వారాలు చూడ్డానికి వచ్చింది. ఆమె 5 అడుగుల 2 అంగుళాలు. మొదటి రోజే వంటింటి అలమరలు అందక, హోటల్ అద్దంలో నుదురు మాత్రమే కనబడి, రైలు సీట్లో పాదాలు నేలకి ఆనక, "ఇదేం దేశమండీ, అందరూ మీకోసం కట్టినట్టున్నారు" అంది. నేను ఇన్నేళ్ళుగా చెప్పలేకపోయింది ఆమెకి ఒక్క రోజులో అర్థమైంది. నాకూ ఒకటి అర్థమైంది. హార్డ్‌కోడ్ చేసిన అంకె పెంచితే సమస్య పోదు, ఇంకొకరి నెత్తిన పడుతుంది.

దీనికి జవాబు 1950లోనే దొరికింది. అమెరికా వైమానిక దళంలో విమానాల కాక్‌పిట్‌లు "సగటు పైలట్" కొలతలతో చేసేవారు. గిల్బర్ట్ డేనియల్స్ అనే కుర్ర ఉద్యోగి 4,063 మంది పైలట్ల కొలతలు తీసుకుని, ముఖ్యమైన పది కొలతల్లోనూ సగటుకి దగ్గరగా ఉన్నవాళ్ళు ఎంతమందో లెక్కపెట్టాడు. సున్నా. ఒక్కడు కూడా లేడు. సగటు మనిషి కోసం చేసిన కాక్‌పిట్ ఎవరికీ సరిపోని కాక్‌పిట్ అన్నమాట. కాబట్టి సీటు ముందుకీ వెనక్కీ జరగాలి, పెడల్సు మార్చుకునేలా ఉండాలి. మీ కారులో సీటు జరుపుకునే మీట చూసినప్పుడు ఒకసారి ఈయన్ని తలుచుకోండి. నేను తలుచుకుంటాను.

నాన్న తన జీవితంలో ఏ సీటూ జరుపుకోలేదు. ఆయన ఎప్పుడూ తనే సర్దుకున్నాడు. 6 అడుగుల 3 అంగుళాల మనిషి, బడి తలుపు దగ్గర వంగేవాడు, లూనా మీద వంగేవాడు, బల్ల మీద పేపర్లు దిద్దుతూ వంగేవాడు, వెనకబడిన పిల్లాడి పలక చూడటానికి ఇంకా వంగేవాడు. యాభై దాటేసరికి ఆ వంపు వీపులో నిలిచిపోయింది. ఊళ్ళోవాళ్ళు దాన్ని వినయం అనుకున్నారు. "ఎంత ఎదిగినా ఒదిగి ఉండే మనిషి" అనేవారు. రిటైర్మెంటు సభలో శాలువా కప్పుతూ కూడా ఒకాయన ఆ మాటే అన్నాడు. నాన్న నవ్వుతూ నమస్కారం పెట్టాడు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి అమ్మ చేత వీపుకి జండూబామ్ రాయించుకుంటూ పళ్ళు బిగించి పడుకున్నాడు. నాకు మాత్రం ఎప్పుడూ ఒకటే చెప్పేవాడు: "నిటారుగా నిలబడరా."

మూడేళ్ళ కిందట నిమోనియాతో ఆయన్ని ఆసుపత్రిలో చేర్చాం. మంచం చివర ఇనుప అడ్డు. పాదాలు దానికి నొక్కుకుపోయి మడమల దగ్గర ఎర్రబడ్డాయి. ఆయన చెప్పలేదు, దుప్పటి మార్చేటప్పుడు నేను చూశాను. ఆ అడ్డు ఊడదీయడం కుదరదన్నారు. నేనూ వార్డు బాయ్ కలిసి ఆయన్ని మూలమీదుగా, ఐమూలగా పడుకోబెట్టాం. 1865లో లింకన్‌కి గుండు తగిలాక థియేటర్ ఎదురింట్లోకి మోసుకెళితే, 6 అడుగుల 4 అంగుళాల మనిషికి ఆ మంచం చాలక ఐమూలగానే పడుకోబెట్టారు. మర్నాడు పొద్దున ఆయన అలాగే పోయాడు. ఎప్పుడో చదివిన ఆ సంగతి ఆ రాత్రి నాకు గుర్తొచ్చి, గుర్తురాకపోతే బాగుండేదనిపించింది.

పదకొండో రోజు నాన్న పోయాడు. ఊరికి తీసుకెళ్ళాం. వాకిట్లో వెదురు బొంగులు నరుకుతున్న పెద్దాయన నన్ను పిలిచి, "మాస్టారు ఎంత పొడుగు బాబూ?" అని అడిగాడు. నాన్నకి ఆ ప్రశ్న బతికున్నన్నాళ్ళూ ఎదురైంది. అడిగినవాళ్ళెవరూ ఆ జవాబుతో ఏమీ చెయ్యలేదు, ఆశ్చర్యపోయి ఊరుకున్నారు. ఈయన నా జవాబు విని, బొంగుని మూరతో కొలిచి, ఇంకో బెత్తెడు వదిలి నరికాడు. దర్జీ కుట్టిన బట్టలు పక్కన పెడితే, మా నాన్న కొలతకి ఈ లోకంలో ఎవరైనా చేసిన వస్తువు అదొక్కటే. ఆ పాడె మీద ఆయన పాదాలు బయటికి రాలేదు.

ఆ ఏడే మా వంటింట్లో సింకు వైపు గట్టు పగలగొట్టించి 38 అంగుళాలకి లేపించాను. పొయ్యి వైపు గట్టు మా ఆవిడకి సరిపోయినట్టు 32లోనే ఉంచాం. మేస్త్రీకి నచ్చలేదు. "రెండు గట్లు ఒక లెవెల్లో లేకపోతే చూడ్డానికి బావుండదు సార్" అన్నాడు. నిజంగానే బావుండదు. ఆఫీసులో బల్ల కింద నాలుగు కాళ్ళకీ నాలుగు చెక్క దిమ్మలు పెట్టించాను, మానిటరు కింద మూడు కట్టల ఏ-ఫోర్ పేపర్లు. రైల్లో "కాళ్ళు పట్టవండీ, ఆ సీటు మీకు పర్లేదంటే మార్చుకుందామా" అని అడగడం నేర్చుకున్నాను. ఎక్కువమంది మార్చుకుంటారు. ఇన్నాళ్ళూ వాళ్ళకి తెలియదు, అంతే. తాటిచెట్టు నోరు తెరిచి అడిగితే జనం కాస్త ఖంగారుపడి ఆ తర్వాత సాయం చేస్తారు.

మా చెల్లి 5 అడుగుల 10 అంగుళాలు. నా ఫిర్యాదులన్నీ ఓపిగ్గా విని ఒకసారి అంది: "నీకేం అన్నయ్యా, నీ పొడుగు చూసి ఎత్తెంత అని అడుగుతారు. నాది చూసి పెళ్ళెలా అని అడిగారు." దానికి నా దగ్గర జవాబు లేదు. తన పెళ్ళి ఫోటోల్లో మా బావగారి కాళ్ళ కింద చిన్న పీట ఉంది, చీర కుచ్చిళ్ళు దాన్ని కప్పేశాయి. ఇప్పుడు తన దిగులంతా కూతురి గురించి. చిట్టితల్లికి పదేళ్ళు, అప్పుడే 152 సెంటీమీటర్లు. క్లాసు ఫోటోలో వెనక వరస, చివర.

పోయిన సంక్రాంతికి అది మా ఇంటికొచ్చి, "మామయ్యా, నేను ఇంకెంత పెరుగుతానో చెప్పు" అని కూర్చుంది. పిల్లల డాక్టర్లు వాడే ఫార్ములా ఒకటుంది. తల్లిదండ్రుల ఎత్తులు కలిపి, ఆడపిల్లకైతే 13 సెంటీమీటర్లు తీసేసి, మగపిల్లాడికైతే 13 కలిపి, సగం చేయాలి. అమ్మ 178, నాన్న 173. కాగితం మీద లెక్క వేసి 169 అని చూపించాను. చెల్లి వంటింట్లోంచి వింటోంది, హమ్మయ్య అనుకున్నట్టుంది.

పిల్ల మొహం మాత్రం వాడిపోయింది. "అంతేనా? అమ్మకన్నా తక్కువా? నేను నీ అంత అవుదామనుకున్నా."

"నా అంత ఎందుకే?"

"బిస్కెట్ల డబ్బా అమ్మ పై అరలో పెడుతుంది."

దానికి ఫ్యాను సంగతి, పరుపు సంగతి, బస్సు సంగతి చెబుదామనుకుని ఆగాను. ఆ కాగితం మీదే పక్కన ఇంకో లెక్క వేశాను. ఆ ఫార్ములా ప్రకారం నేను 184 దగ్గర ఆగాలి. వాళ్ళమ్మ 171 దగ్గర ఆగాలి. మా ఇంట్లో అది ఇప్పటికే రెండుసార్లు తప్పింది అని చెప్పాను. కాస్త తేరుకుంది. తలుపు కమ్మీకి ఆనించి నిలబెట్టి పెన్సిల్‌తో గీత పెట్టాను. భుజాలు ముందుకి వంచి నిలబడింది. "నిటారుగా నిలబడవే" అని మళ్ళీ కొలిచాను. రెండో గీత మొదటిదాని కన్నా ఒక సెంటీమీటరు పైన పడింది.